షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లు కూడా చూడండి

సంపాదకుడు గారికి,

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. పోయిన యాసంగిలో కొనుగోలు కేంద్రం గచ్చు మీద ఆరబోసిన వడ్లను మా నాయన మిట్టమధ్యాహ్నం కాళ్లతోనే తిరగేశాడు. చెప్పులతో వడ్లు తొక్కడం ఆయనకు ఇష్టం ఉండదు. రాత్రి కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ చూసింది. రెండు అరికాళ్లకూ బొబ్బలు. ఎడమ మడమ తోలు ఊడి, తాలు గింజలు అతుక్కుని ఉన్నాయి. "నొప్పి లేదు బిడ్డా, ఏం కాలేదు" అన్నాడు. ఆ నొప్పి లేకపోవడమే జబ్బని పుండు మానక నెలన్నర తిరిగాక గానీ మాకు తెలియలేదు. పన్నెండేళ్ల షుగర్ కాళ్ల నరాలను తినేసింది. అన్నేళ్లూ బీపీ, షుగర్ చూశారు, మందులిచ్చారు. ఆయన కాళ్లను మాత్రం ఎవరూ చూడలేదు.

కాళ్ల నరాలు దెబ్బతిన్నాయో లేదో చూసే పద్ధతి ఉంది. చర్మం మీద చిన్న బిళ్ల పెట్టి 42-44 డిగ్రీల దాకా వేడి చేస్తారు. నరాలు బాగుంటే కొద్ది నిమిషాల్లోనే అక్కడ రక్తం జోరుగా పారుతుంది, చుట్టూ ఎర్రదనం పాకుతుంది. సన్న నరాలు దెబ్బతింటే ఆ పాకడం తగ్గిపోతుంది. ఆ రక్తం పారడాన్ని లేజర్‌తో కొలుస్తారు. లేజర్ వెలుతురు చర్మం మీద పడితే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. లోపల రక్తకణాలు కదిలేకొద్దీ అవి మసకబారతాయి. ఆ మసకను కెమెరా కొలుస్తుంది. సూది గుచ్చే పని లేదు. ఇప్పుడు చేత్తో పట్టుకునేంత చిన్న కెమెరాలనూ పరిశోధకులు తయారుచేస్తున్నారు.

అలాగని కొని తెచ్చి పీహెచ్‌సీలో పెడితే సరిపోదు. ఈ పరీక్ష చల్లని గదిలో, మనిషి కాసేపు కదలకుండా ఉన్నాక చేయాలి. మే నెలలో ఎండన పడి వచ్చిన మనిషికి ఒళ్లు అప్పటికే కాగి ఉంటుంది, లెక్క తప్పుతుంది. చర్మం రంగు కూడా వెలుతురును మింగుతుంది. కరోనా రోజుల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటర్లు నల్లటి చర్మం వాళ్లకు ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించిన సంగతి బయటపడింది కదా. అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మన రైతుల, హమాలీల, ఉపాధి కూలీల కాళ్ల మీదే దీన్ని పరీక్షించి, మనకు సరిపడే లెక్క కట్టాలి. 2025లో వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామన్న ప్రభుత్వం ఈ ఖర్చుకు వెనుకాడదని నా నమ్మకం.

అప్పటిదాకా ఆగాల్సిన పని కూడా లేదు. అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూసే 10 గ్రాముల నైలాన్ పోగు పరీక్ష ఉంది. యాసంగి కోతలు మొదలయ్యేలోపే, మార్చిలోనే, ఆశా కార్యకర్తల చేతికి ఆ పోగు ఇచ్చి ఊరూరా షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు చూపించాలని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

— ఒక రైతు కూతురు,
మిర్యాలగూడ మండలం, నల్లగొండ జిల్లా