పగులు మట్టిది కాదు

సంపాదకులకు,

చెన్నైలో సెరామిక్స్ తరగతులకు గిరాకీ పెరిగింది. సంతోషమే. కానీ కుమ్మరి సారె మీద గిన్నె లేపడం రాగానే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. పగిలితే మట్టి మంచిది కాదంటారు. పాపం, మట్టి!

అడుగున ఎస్ ఆకారంలో వచ్చే పగులు ఎక్కువగా చేతి లోపమే. మట్టి ముద్దను నడుమ గుంట చేసి తెరిచాక అడుగును నడుమ నుంచి అంచుకూ, అంచు నుంచి నడుమకూ మూడు నాలుగుసార్లు గట్టిగా నొక్కాలి. లోపల నిలిచిన నీటిని స్పాంజితో తీసెయ్యాలి.

కప్పూ పిడీ ఒకే పదునులో, అంటే ఒకే తడితో ఉండాలి. ఆరిన కప్పుకు పచ్చి పిడి అతికిస్తే పిడి ఎక్కువ కుంచించుకుని అతుకు దగ్గర ఊడుతుంది. రెండువైపులా గీతలు గీసి, అదే మట్టిని చిక్కటి గంజిలా కలిపి పూసి నొక్కాలి. తర్వాత ప్లాస్టిక్ కవరు కప్పి ఆరనివ్వాలి. ఫ్యాను కింద వద్దు, అంచు ముందే బిగుసుకుంటుంది.

ఇక్కడి కార్తీక వానల్లో పాత్ర పైకి ఆరినట్టే ఉంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందా, లోపల తడి ఉన్నట్టే. కాల్చే బట్టీలో 100 డిగ్రీలు దాటకముందే, 80-90 దగ్గర కొన్ని గంటలు ఆపాలి. లేకపోతే ఆవిరికి పేలుతుంది.

నేర్పేవాళ్లు మొదటి పది గిన్నెల్నీ తీగతో నిలువునా కోయించాలి. గోడ మందం అప్పుడే కంటపడుతుంది.

- సెరామిక్స్ నేర్పే ఇద్దరు, చెన్నై