హనుమంతుడి వేషం: జిగురు, రంగుల సంగతి

అందరికీ నమస్కారం. దసరా నాటకానికి గద, కిరీటం మొదలుపెట్టేవాళ్లు ముందు ఇది చదవండి.

పిల్లల గదిలో పరిచే మ్యాట్‌ లాంటి ఈవీఏ ఫోమ్‌కి తెల్ల ఫెవికాల్ పనికిరాదు, వంపుల దగ్గర ఊడొస్తుంది. చెప్పులకు వాడే రబ్బరు జిగురు గానీ ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 గానీ తెచ్చుకోండి. రెండు అంచులకూ పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరనివ్వాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. పచ్చిగా ఉండగా అతికిస్తే ఎంతసేపు నొక్కినా జారుతుంది. ఆరాక అతికిస్తే మళ్లీ విడదీయలేం, అందుకే ఒక కొస నుంచి సరిచూసుకుంటూ కలపండి. కిటికీలు తెరిచే ఉంచండి. పొయ్యి, దీపం దరిదాపుల్లో వద్దే వద్దు. పిల్లల చేతికి ఆ డబ్బా ఇవ్వకండి.

రంగుకి ముందు ఫోమ్ మీద హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) తిప్పితే పైపొర మూసుకుని కాస్త మెరుస్తుంది. దానిపై నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ రెండు మూడు పూతలు, తర్వాత యాక్రిలిక్ రంగులు. బంగారు రంగు కింద గోధుమరంగు పూత ఉంటే కిరీటానికి నిండుదనం వస్తుంది, ఇది మాత్రం వదలకండి.

తోక గుడ్డకి వేసే యాక్రిలిక్‌లో ఫ్యాబ్రిక్ మీడియం (గుడ్డ మీద రంగు మెత్తగా ఉండేలా కలిపే ద్రవం) కలపండి, లేకపోతే అట్టకడుతుంది.

మూతికి వాడే రబ్బరు పదార్థమైన లేటెక్స్‌కి నూనె, వాజిలిన్ తగలనివ్వకండి, పాడైపోతుంది. ద్రవ లేటెక్స్‌లోనే కొంచెం యాక్రిలిక్ కలిపి పూస్తే నోరు కదిలినా రంగు అంత తేలిగ్గా పగలదు. బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చే పిల్లలకు లేటెక్స్ అసలు వద్దు. వాళ్లకి మూతి కూడా ఫోమ్‌తోనే చేద్దాం.

హీట్ గన్ నా దగ్గరుంది, కావాల్సినవాళ్లు సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి.