మా నాయనమ్మ పేరు మాకే మిగిలింది. లాయరమ్మగారూ, మీకు దండాలు

నిన్న సాయంత్రం ట్రేడ్‌మార్కుల వెబ్‌సైట్లో మా నాయనమ్మ పేరును తమ ట్రేడ్‌మార్కుగా అడిగిన అవతలివాళ్ల దరఖాస్తుకు ఎదురుగా 'అబాండన్డ్', అంటే వదిలేసినట్టు, అని కనిపించింది. నమ్మలేక నాలుగుసార్లు తెరిచి చూశాను. నిద్రలేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

మాది తెనాలి. 2013 నుంచి నాయనమ్మ పేరు మీదే కందిపొడి, నల్లకారం అమ్ముతున్నాం. మా దగ్గర సరుకు తీసుకెళ్లిన డీలరే ఆ పేరుకు తన పేరున ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ కాగితం చూపించి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లో మా మీద ఫిర్యాదు చేస్తే, ఒక్క రోజులో మా సరుకంతా తీసేశారు. అలాంటి దరఖాస్తులు అచ్చయ్యే ప్రభుత్వ ట్రేడ్‌మార్కుల జర్నల్లో పడిన నాటి నుంచి అభ్యంతరానికి నాలుగు నెలలే గడువు. నాకు తెలిసేసరికి తొమ్మిది రోజులుంది. ఒక కన్సల్టెంటు 60,000 అడిగాడు.

గుంటూరు కోర్టు దగ్గర నోటరీ బల్ల పక్కన కూర్చుని ఉంటే, ఒక పెద్ద లాయరమ్మగారు నా ఫైలు వంక చూసి "గడువెంతుందమ్మా?" అన్నారు. చెప్పాను. "రేపు పాత బిల్లులన్నీ ఇంటికి పట్టుకురండి. ఏరొద్దు, అన్నీ తేండి."

రెండు గోనెసంచులు తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులున్నా చాప మీద నాతోపాటు కూర్చున్నారు. కారం ఘాటుకు తుమ్ముతూనే ఒక్కో బిల్లూ దులిపి, వెనక పెన్సిల్‌తో నంబరు వేశారు. గంట మూడు దాటాక దొరికింది ప్రెస్సు బిల్లు: 2013 ఆగస్టు, స్టిక్కర్లు 500, నాయనమ్మ పేరుతో. సగం మేర నూనె మరక. వెలుతురుకు పట్టి చూసి, "ముందునుంచీ వాడుతున్నవాళ్లను తర్వాత రిజిస్టరు చేసుకున్నవాడు ఆపలేడు, ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్ అదే" అన్నారు. బిల్లు నా చేతికిచ్చి, "మీ నాయనమ్మ ఎలా ఉండేవారు?" అని అడిగారు. అన్ని రోజులూ అందరూ రుజువులే అడిగారు. ఆ పేరున్న మనిషి గురించి అడిగింది ఆవిడొక్కరే. ఆ చాప మీదే వెక్కి వెక్కి ఏడ్చాను.

అభ్యంతరం ఫీజు 2,700. నా కార్డు పనిచేయకపోతే ఆవిడే కట్టారు. తన ఫీజు మాట ఎత్తనివ్వలేదు, పేరు కూడా రాయొద్దన్నారు. అవతలివాళ్లు రెండు నెలల్లో జవాబివ్వలేదు, అంతటితో వాళ్ల దరఖాస్తు పోయింది.

ఒక్కమాట అనకుండా ఉండలేను. జర్నల్ సోమవారం సోమవారం ఇంగ్లీషులో, వేల పేజీలు వస్తుంది. కారం దంచుకునేవాళ్లం అది చదువుతామా? మన పేరు ఇంకొకరు పెట్టుకుంటే మనకో ఉత్తరం ముక్క రాదు. గడువు దాటితే ఒక్క రోజు కూడా ఇవ్వరు. సైటువాళ్లయితే మా సరుకు ఇంకా తిరిగి పెట్టనే లేదు. చిన్న వ్యాపారాలు చేసుకునే అక్కచెల్లెళ్లూ, సొంతంగా దరఖాస్తు పెడితే 4,500, ఆలస్యం చేయకండి. మొదటి బిల్లు పారేయకండి.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఎలాగూ ఉన్నారు, పొయ్యి ఆరకుండా చూశారు.

అయ్యో, ప్రెస్సు బాబాయిని మరిచాను, డూప్లికేటు బిల్లుపుస్తకం అటక మీంచి తీసిచ్చారు. జిరాక్సు షాపు తమ్ముడు రాత్రి పది దాకా షట్టరు దించలేదు. నెల్లూరు నుంచి ఒక అక్కయ్య మా 2015 నాటి ఖాళీ డబ్బా కొరియర్ చేశారు, లేబులు చెక్కుచెదరలేదు. అక్కా, మీ డబ్బా నా దగ్గరే ఉంది. ఈ వారం కందిపొడి నింపి పంపిస్తాను.