ఏడడుగుల రాడ్ కొన్నవాళ్లకు నేను చెప్పాల్సిన మాట

సంక్రాంతి తర్వాత మన దుకాణంలో, ఎర విసిరి చేపలు పట్టే ఏడడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్ కొన్న పద్నాలుగు మందికీ ఈ మాట. మీ చేతిలో ఉన్నది ఏడడుగుల రాడ్ కాదు, ఆరున్నర అడుగులది. తెలిసి అమ్మలేదు. కానీ అమ్మింది నేనే, కాబట్టి బాధ్యత నాది.

పోయిన ఆదివారం సుంకేసుల బ్యారేజీ నుంచి తిరిగొస్తూ ఒక తమ్ముడు దుకాణం ముందు బండి ఆపాడు. "ఏమన్నా, నా రాడ్ మా మామ రాడ్ కంటే పొట్టిగా ఉండాదే, రెండూ ఏడడుగులే కదా" అన్నాడు. పిడి తీరు వేరు, అందుకే అలా కనిపిస్తుందిలే అని సర్దిచెప్పబోయాను. అతను కదలలేదు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. టేపు తెచ్చి కొలిచాను. మామ రాడ్ 210 సెంటీమీటర్లు, ఇతనిది 198. కొత్తది ఒకటి సంచిలోంచి తీసి కొలిస్తే అదీ 198. మిగిలిన సరుకు మొత్తం, అంటే 26 రాడ్లు, కొలిచేసరికి రాత్రి పదయింది. పిడి పైన ఏడడుగులు అని ఉన్న స్టిక్కర్ అంచును గోటితో లేపితే, దాని కింద అసలు అచ్చు కనిపించింది: 1.98 మీటర్లు.

ఒక మాట చెప్పాలి. అసలు ఏడడుగులంటే 213 సెంటీమీటర్లు. మార్కెట్లో ఏడడుగులని అమ్మే రాడ్లు చాలావరకు 210 ఉంటాయి. ఆ మూడు సెంటీమీటర్లు నేనూ పట్టించుకోను, మీరూ పట్టించుకోనక్కర్లేదు. ఇది పదిహేను సెంటీమీటర్ల తేడా. పైగా అసలు అచ్చు మీద స్టిక్కర్.

సరుకు పంపినాయనకు పొద్దున్నే ఫోన్ చేశాను. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయలేదు. "అర అడుగే కదా సార్, చేపకేం తెలుస్తుంది, ఒక్కో దానికి వంద తగ్గిస్తాను, అమ్మేయండి" అన్నాడు. పొరపాటు జరిగిందని ఒక్క మాట అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. 2009 అక్టోబర్ వరదలో దుకాణంలోని సామానంతా బురద పాలైనప్పుడు కూడా, అడ్వాన్సు ఇచ్చినవాళ్లందరికీ మా నాన్న ఇళ్లకు వెళ్లి డబ్బు తిరిగి ఇచ్చాడు. ఆ దుకాణంలో కూర్చున్న నన్ను, పొట్టి రాడ్‌ను పొడుగుదని వంద తగ్గించి అమ్మమంటాడా? 26 రాడ్లూ పార్సిల్ కట్టి పంపేశాను. డబ్బు వస్తుందో రాదో, ఆయనతో వ్యాపారం మాత్రం అయిపోయింది.

అర అడుగుకే ఇంత గొడవా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ కొలత తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. అందుకే నాకు మంట.

మన పిల్లలు అమెరికావాళ్ల వీడియోలు చూసి ఫినెస్ రాడ్, అంటే సన్న దారంతో చిన్న ఎర ఆడించే రాడ్, కావాలని వస్తున్నారు. అక్కడ వాళ్లు పట్టేది బాస్ అనే చేప. అది మన తుంగభద్ర చేప కాదు. వేటగాళ్లు ఎక్కువై చేప బెదిరిపోయిన చోట, నీళ్లు తేటగా ఉన్న చోట, వాళ్లు చిన్న రబ్బరు ఎరను సన్న దారానికి కట్టి నిదానంగా ఆడిస్తారు. ఎర బరువు రెండు గ్రాముల నుంచి ఏడు గ్రాముల లోపు. పది పౌన్ల బరువు ఆపే బ్రెయిడ్, అంటే అల్లిన దారం, దాని కొసన ఎరకు కట్టే ఆరో ఎనిమిదో పౌన్ల ఫ్లోరోకార్బన్ దారం ముక్క, దాన్నే లీడర్ అంటారు. దానికి వాళ్లలో చాలామంది వాడేది ఆరడుగుల పది అంగుళాల నుంచి ఏడడుగుల రెండంగుళాల మధ్య రాడ్. పడవ దిగే చెక్క వంతెనల కిందికి ఎరను నీటి మీద జారించేవాళ్లు, చిన్న పడవలో కూర్చుని వేసేవాళ్లు ఆరున్నరకు దిగుతారు.

మన దగ్గర పడవ ఎవరికుంది? సుంకేసుల అయినా గాజులదిన్నె జలాశయం అయినా మనం నిలబడేది కట్ట మీద, కింద రాళ్లు. మూడు గ్రాముల ఎర గాలికి ఎదురుగా పోవాలంటే పొడుగు రాడ్ సాయం కావాలి. ఎర దూరంగా పడ్డాక మధ్యలో దారం వదులుగా వేలాడుతుంది. చేప ముట్టగానే ఆ వదులంతా ఒక్క ఊపులో లాగాలి. రాడ్ పొడుగైతే కొన ఎక్కువ దూరం తిరుగుతుంది, ఎక్కువ దారం లాగుతుంది. దారం రాళ్లకు ఒరుసుకోకుండా ఎత్తి పట్టుకోవడానికీ ఆ పొడవే అక్కరకొస్తుంది. సన్న దారంతో పెద్ద చేప గుంజినప్పుడు రాడ్ వంగి ఆ దెబ్బ తాను తీసుకోవాలి, లేకపోతే లీడర్ తెగుతుంది.

అలాగని ఏడున్నరకు పోదామంటే కొన బరువవుతుంది. రెండు గంటలు ఎర ఆడించేసరికి మణికట్టు పట్టేస్తుంది. ఆషాఢం గాలిలో ఇంకా కష్టం. నేనే ఆరున్నర, ఏడు, ఏడున్నర మూడూ పట్టుకుని నాలుగు ఆదివారాలు కట్ట మీద నిలబడ్డాను. మూడో ఆదివారం ఆరున్నరే మేలేమో అనిపించింది కూడా, ఎందుకంటే ఆ రోజు హంద్రీ ఒడ్డున కంపచెట్ల కింద ఉన్నాను, వెనక్కి ఊపడానికి చోటు లేదు. చివరికి మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది కట్టకే అని ఏడు ఖాయం చేశాను. రెండు ముక్కలది, విప్పితే మూడున్నర అడుగులు, బండికి కట్టుకోవచ్చు. మీడియం లైట్ పవర్, అంటే మరీ గట్టిది కాదు, ఫాస్ట్ యాక్షన్, అంటే కొన దగ్గరే ఎక్కువ వంగేది. ఇదంతా కాగితం మీద రాసి మరీ ఆర్డర్ ఇచ్చాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రాడ్ తీసుకురండి, మీ 1,850 రూపాయలు తిరిగి ఇస్తాను. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, గీతలు పడినా ఫర్వాలేదు. ఉంచుకుంటామంటే 600 తిరిగిస్తాను. చెట్ల కింద వేసేవాళ్లకు, పదేళ్ల పిల్లలకు అది మంచి రాడే. దాని తప్పేం లేదు, దాని మీద రాసింది తప్పు. ఎమ్మిగనూరు, నంద్యాల అన్నలు బస్సు పార్సిల్‌లో వేయండి, పార్సిల్ ఖర్చు నాది.

అసలైన ఏడడుగులవి ఇంకో చోట పన్నెండు చెప్పాను. ఈసారి అడ్వాన్సు ఎవరి దగ్గరా తీసుకోను. రాగానే ఒక్కోటీ కొలిచి, కొలత నా చేత్తో రాసి కడతాను. ఈ పద్నాలుగు మందిలో కావాలన్నవాళ్లకు ముందు ఇచ్చాకే మిగతావాళ్లకు. రేటు 200 పెరుగుతుంది. మీ పద్నాలుగు మందికి మాత్రం పాత రేటే.

కొర్రమీను కోసం ఇదే రాడ్ అడుగుతున్నవాళ్లకు మళ్లీ చెబుతున్నాను, ఇవ్వను. తూటాకులో దాక్కున్న కొర్రమీనును కప్ప ఎరతో బయటికి లాగాలంటే గట్టి రాడ్, మందమైన బ్రెయిడ్ కావాలి. అవి గోడకు ఎడమ వైపున ఉన్నాయి. నిన్న రాత్రి వాటిని కూడా కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి.

సోమవారం తప్ప రోజూ పొద్దున తొమ్మిది నుంచి ఉంటాను. వచ్చేటప్పుడు రీలు కూడా తెచ్చుకోండి, దారం వదులైపోయి ఉంటే ఎక్కించి పంపిస్తాను.