పెట్టె బిగించినంత మాత్రాన వైఫై వచ్చినట్టు కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను సాయంత్రం నడకకు వెళ్లే పార్కులో ‘ఉచిత వైఫై’ అని రాసిన బోర్డు ఒకటి ఉంది. ఫోనులో దాని పేరు కనబడుతుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కానీ ఫోను నంబరు అడిగే పేజీ తెరుచుకోక గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. టెలిఫోను లైన్ల మరమ్మతుల్లో పనిచేసి రిటైరైన వాణ్ని గనుక ఒకరోజు ఆగి, వైఫై పెట్టె బిగించిన స్తంభం కేసి చూశాను. పెట్టెలో దీపం వెలుగుతోంది. అంటే వెనుక నుంచి రావలసిన ఫైబర్ లైను తెగిందో, దాని బిల్లు ఆగిందో అయి ఉండాలి. సిగ్నల్ గీతలు మన ఫోనుకూ ఆ పెట్టెకూ మధ్య సంగతే చెబుతాయి తప్ప, పెట్టె వెనుక ఇంటర్నెట్ ఉందో లేదో చెప్పవు. ఫిర్యాదు చేద్దామంటే బోర్డు మీద నంబరు లేదు, కాపలాదారుకూ తెలియదు.

విశాఖలో బహిరంగ వైఫైకి బిగింపు కంటే నిర్వహణే పెద్ద పని. సముద్రపు గాలిలోని ఉప్పు కనెక్టర్లను తినేస్తుంది, పైగా రోడ్డు తవ్విన ప్రతిసారీ తీగలు తెగుతాయి. కనుక మన నగరపాలక సంస్థ జీవీఎంసీ గానీ మరే సంస్థ గానీ ఇకపై పిలిచే టెండర్లలో ఎన్ని పెట్టెలు పెట్టారన్న లెక్కకు కాక, నెలలో ఎన్ని గంటలు నిజంగా పనిచేశాయన్న లెక్కకు డబ్బు చెల్లించాలని నా మనవి. ఏ పెట్టె ఎప్పుడు ఆగిందో ఒక్కచోట కూర్చునే చూడగలిగే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మామూలు విషయమే కనుక, ఆ లెక్క తీయడం కష్టమూ కాదు.

మన రైల్వే స్టేషన్‌లో 2016లో రైల్వే వారి టెలికాం సంస్థ అయిన రైల్‌టెల్, గూగుల్ కలిసి వైఫై ప్రారంభించాయి. 2020లో గూగుల్ ఆ పథకం నుంచి తప్పుకున్నా స్టేషన్లలో సేవ ఆగలేదు. పట్టాల వెంబడి సొంత ఫైబర్ ఉన్న రైల్‌టెల్ దాన్ని నడిపింది. రోజుకు మొదటి 30 నిమిషాలు ఉచితంగా ఇస్తూ, అంతకు మించి కావాలనుకునే వారికి 2021 మార్చి నుంచి రుసుము పెట్టింది. పూర్తిగా ఉచితం కాకపోవడం కొందరికి నచ్చకపోవచ్చు గానీ, నాకు మాత్రం పేరుకు ఉచితమై పనిచేయని దానికంటే ఇదే మేలనిపిస్తుంది.

ఇక పెట్టెలన్నీ ప్రభుత్వమే పెట్టనక్కర లేదు. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 9న ఆమోదించిన పీఎం-వాణి పథకం ప్రకారం టీ కొట్టు, జెరాక్స్ షాపు, కిరాణా దుకాణం ఎవరైనా లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ అవసరం లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. వాడేవారి గుర్తింపు, లెక్కలు ఇలాంటి దుకాణాలను కలిపి నడిపే అగ్రిగేటర్ సంస్థ చూసుకుంటుంది. ఇంటర్నెట్ కంపెనీలు దుకాణదారుల నుంచి 200 ఎంబీపీఎస్ వేగం వరకు ఉన్న ఫైబర్ ప్లాన్లకు ఇంటి చార్జీకి రెట్టింపు మించి తీసుకోరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో నిర్ణయించడంతో ఎక్కువ చార్జీల పాత అడ్డంకి కూడా తగ్గింది. నా అనుభవంలో రౌటర్ ఆగితే వెంటనే ఆపి మళ్లీ వేసేవాడు పక్కనే ఉండటాన్ని మించిన నిర్వహణ లేదు. తన వ్యాపారం కోసమే దుకాణదారు ఆ పని చేస్తాడు. నగరపాలక సంస్థ అలాంటి వారిని గుర్తించి, రోజుకు కొన్ని నిమిషాల ఉచిత వినియోగానికి అయ్యే ఖర్చు తాను భరిస్తే చాలు.

చోట్ల ఎంపిక కూడా మారాలి. బీచ్ రోడ్డులో ఫొటోలు దిగేవారి కంటే, కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ దగ్గర గంటల తరబడి కూర్చునే రోగుల బంధువులకు, ద్వారకా బస్ స్టేషన్‌లో రాత్రి బస్సుల కోసం ఎదురుచూసే వారికి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఇది ఎక్కువ అవసరం. డేటా చవకే కదా అంటారు. పాడేరు నుంచి తల్లిని తీసుకొచ్చి వారం రోజులుగా వార్డులో ఉన్న మనిషికి రీఛార్జి గడువు తీరితే ఆ చవక ఎందుకూ పనికిరాదు.

చిక్కేమిటంటే, రీఛార్జి లేనివారికి వైఫై లాగిన్‌కు కావలసిన ఓటీపీ కూడా రాకపోవచ్చు. ఫోటో గుర్తింపు కార్డు చూసి లాగిన్ ఇచ్చే పద్ధతిని టెలికాం శాఖ 2009 నాటి ఆదేశాల్లోనే అనుమతించింది కనుక, ఆసుపత్రిలో, బస్ స్టేషన్‌లో విచారణ కౌంటర్ దగ్గరే ఆ ఏర్పాటు చేయాలి. అలాగే అసలు నెట్‌వర్క్ పేరు ఏమిటో, ఫిర్యాదు నంబరు ఏమిటో గోడ మీద స్పష్టంగా రాయించాలి. అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై తెరవడం చాలా తేలిక.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయిన సంగతి నగరం మరచిపోలేదు. కనీసం ఆసుపత్రులు, తుపాను ఆశ్రయ కేంద్రాల దగ్గరైనా వైఫైకి బ్యాటరీ ఏర్పాటు ఉండాలి. కొత్త టెండరు పిలిచే ముందు, ఇప్పటికే బిగించిన పెట్టెల్లో ఎన్ని పనిచేస్తున్నాయో వార్డుల వారీగా పత్రికాముఖంగా ప్రకటించవలసిందిగా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోను ఉద్యోగి,
విశాఖపట్నం