మరకానాలో సామాన్యుడి చోటు

సంపాదకులకు,

బ్రెజిల్ నగరం రియో డి జనీరోలోని మరకానా ఫుట్‌బాల్ స్టేడియం అనగానే 1950 జూలై 16న ప్రపంచ కప్ నిర్ణయాత్మక మ్యాచ్‌లో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ 2-1 తేడాతో ఓడిన సంగతే అందరూ రాస్తారు. ఆ రోజు టికెట్ కొన్నవారే 1,73,850 మంది. అంతమంది పట్టడానికి ఒక కారణం, మైదానం అంచునే కుర్చీలు లేకుండా నిలబడి చూసే ‘జెరాల్’ అనే చవక టికెట్ల భాగం. వానొస్తే తడవాల్సిందే, ఆట కూడా సరిగా కనిపించదు. అయినా కూలినాలి చేసుకునేవారు దశాబ్దాల తరబడి తమ జట్లను చూసుకున్నది అక్కడి నుంచే. 2005లో దానిని తొలగించారు. 2014 ప్రపంచ కప్ నాటికి స్టేడియం సామర్థ్యం సుమారు 78 వేలకు తగ్గింది. ప్రేక్షకుల భద్రత ముఖ్యమే, కానీ దాని పేరుతో పేదవారికి ఆట దూరం కావడం అన్యాయం. మరకానా చరిత్రలో ఆ ప్రేక్షకులకు కూడా మీ క్రీడాపుటలో చోటివ్వాలని కోరుతున్నాను.

– ఒక ఫుట్‌బాల్ అభిమాని, విశాఖపట్నం