చిత్తూరు మెకానిక్ పెద్దాయనకు కృతజ్ఞతలు

నాన్నగారి ఫియట్ కారు గొడవ నిన్న సాయంత్రం తేలిపోయింది. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి, రేపు ఆఫీసు పనిలో పడితే ఇక రాయలేను.

సంగతి తెలియనివారికి: అది 1969 నాటి ఫియట్ 1100 డిలైట్. నాన్నగారు పోయాక వేలూరులో పాత కార్లంటే ఇష్టపడే ఒకాయనకు అమ్మాం. నెల తిరక్కముందే నోటీసు వచ్చింది. డిలైట్ అని చెప్పి, అదే కారుకు తర్వాతి రూపమైన పద్మిని అంటగట్టామట, డబ్బు వాపసు ఇవ్వాలట. ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. ముందు గ్రిల్లు పద్మినిదే. పైగా ఆర్‌సీ కార్డులో మోడల్ 'ప్రీమియర్ పద్మిని' అని ఉంది. అదే కార్డులో తయారీ సంవత్సరం 1969! పద్మిని అన్న పేరు వచ్చిందే 1974లో కదండీ అంటే, "అయితే సంవత్సరమూ అబద్ధమే" అన్నారు.

అప్పుడు ఎవరో చెబితే చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లాను. ముక్కూ మొహం తెలియదు. నా చేతిలోని పాత ఆర్‌సీ పుస్తకం చూసి, మర్నాడు పని మానుకుని నాతో వేలూరు బస్సెక్కారు. అక్కడ బానెట్ ఎత్తి, కిరోసిన్ గుడ్డతో గ్రీజు తుడిచి, కారుకు గుర్తింపుగా రేకులో చెక్కిన చాసిస్ నంబరు మీద కాగితం అదిమి పెన్సిల్‌తో మెల్లగా రుద్దారు. నల్లటి గీతల మధ్య అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. ఆ కాగితాన్ని పాత పుస్తకం పక్కన పెట్టి, కొన్నాయనతోనే తమిళంలో పైకి చదివించారు. ఒక్క అంకె తేడా లేదు. గ్రిల్లు విప్పి, పాత రంధ్రాలు పూడ్చి రంగు వేసిన గుర్తులూ చూపించారు. "డిలైట్ సామాను దొరక్క అందరం పద్మినిదే బిగించేవాళ్లం. ముఖం మారింది గానీ మనిషి మారలేదమ్మా" అన్నారు.

పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని ఎలా కనిపెట్టారో, తిరుగు బస్సులో ఇడ్లీ పొట్లం నా ఒళ్లో పెట్టారు. అంతే, ఇన్నాళ్లూ పట్టి ఉంచిన ఏడుపు ఆగలేదు. డబ్బు ఇస్తే తీసుకోలేదు సరికదా, నా టికెట్టు కూడా ఆయనే కొన్నారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. పాత పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో తప్పు మోడల్ నొక్కారు. దాన్ని సరిదిద్దాలంటే మళ్లీ దరఖాస్తు మాదే, అఫిడవిట్ మాదే, కిటికీల చుట్టూ తిరుగుడూ మాదే. నొక్కినవారికి ఏమీ లేదు. ఆ పాత పుస్తకాన్ని నాన్నగారు పారేసి ఉంటే ఈ రోజు మాకు దిక్కెవరు?

అన్నయ్య, వదిన, మా ఆయన ఎలాగూ ఉన్నారు, ఇంటివాళ్లకు వేరే చెప్పాలా. నోటీసు వెనక్కి తీసుకుంటానని రాసిచ్చిన కొన్నాయన మీద కూడా నాకిప్పుడు కోపం లేదు. కారు ఆయన దగ్గరే ఉంది.

అయ్యో, పెద్దాయన చిరునామా చెప్పిన స్పేర్ పార్టుల షాపు అన్నను మరిచాను! ఇన్సూరెన్సు పాత రసీదులు వెతికిచ్చిన ఏజెంటు గారిని కూడా. రాత్రి దించిన షట్టరు మళ్లీ ఎత్తిన కొర్లగుంట జిరాక్స్ అబ్బాయికీ థాంక్స్. ఇంకెవరినైనా వదిలేసి ఉంటే కింద గుర్తుచేయండి, చేరుస్తాను. పెద్దాయన దగ్గర మామూలు ఫోనే ఉంది, గ్రీమ్స్‌పేట వాళ్లెవరైనా ఇది ఆయనకు చదివి వినిపించండి.